ఎవరి మీద వేసిన ఒట్టు?

మార్చి నెల ఎండ. షామియానా కింద ఉక్కపోత. ముందు వరసలో పోలీసులు, వాళ్ళ వెనక కంపెనీ బస్సుల్లో దిగిన కుర్రాళ్ళు, ఆ వెనక సగం నీడలో సగం ఎండలో ఊరివాళ్ళు. వేదిక మీద అదనపు కలెక్టరు గారు, కాలుష్య నియంత్రణ మండలి ఇంజనీరు, మూత తీయని నీళ్ళ సీసాలు. నల్లగొండ వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీ విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ. కంపెనీ పేరు అనవసరం. ఏ పేరు పెట్టినా కథ ఇదే.

కంపెనీ తరఫు కన్సల్టెంటు మైకు పట్టుకుని లెక్క చదివాడు. ఇప్పుడు గాలిలో ఉన్న ధూళి ఇంత, విస్తరణ వల్ల కలిసేది ఇంకాస్త, రెండూ కలిపినా జాతీయ ప్రమాణాల పరిధిలోనే. ఆ చివరి మాట పావుగంటలో పదిసార్లన్నా అని ఉంటాడు.

వెనక నుంచి ఒక ముసలామె లేచింది. కొంగుముడి విప్పి ఒక చిక్కుడాకు తీసింది. ఆకు బూడిద రంగులో ఉంది. దాని మీద చూపుడువేలితో గీత గీసింది. గీసినంత మేరా పచ్చగా తేలింది.

"సారూ, ఇందాకటి సంది ప్రమాణం ప్రమాణం అంటున్నవు. ప్రమాణమంటే ఒట్టే గద. ఎవల మీద ఏసిండ్రు ఆ ఒట్టు?"

జనం గొల్లుమన్నారు. "అమ్మా, అది కాదు. ప్రమాణమంటే స్టాండర్డ్" అన్నాడు కన్సల్టెంటు. అదనపు కలెక్టరు గారు కూడా చిన్నగా నవ్వి, "కూర్చోమ్మా" అన్నారు.

నేను నవ్వలేదని గొప్పలు పోను. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ ప్రశ్న చేపముల్లులా గొంతులో ఇరుక్కుంది. ఇప్పటికీ దిగలేదు. ఎందుకంటే ఆమె తప్పేమీ అడగలేదు. ఈ దేశంలో గాలికి ప్రమాణం అంటూ ఒకటి రాసిన రోజున ప్రభుత్వం ఎవరికో ఏదో మాట ఇచ్చినట్టే కదా. ఆ మాట ఎవరికిచ్చింది? ఎవరి ప్రాణం మీద పెట్టి ఇచ్చింది?

ముందు ఆ ఒట్టు ఏమిటో చూద్దాం. 2009 నవంబరులో కేంద్రం గాలి నాణ్యతకు కొత్త ప్రమాణాలు ప్రకటించింది. పన్నెండు రకాల కాలుష్య కారకాల జాబితా అది. అందులో మనల్ని ఎక్కువగా చంపేది పీఎం 2.5, అంటే వెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతు కూడా లేని నుసి. ముక్కు ఆపలేదు, గొంతు ఆపలేదు, ఊపిరితిత్తుల అట్టడుగుకు పోయి అక్కణ్ణుంచి నెత్తురులోకి దిగుతుంది. దానికి గీసిన గీత: ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు, ఏ ఒక్క రోజుకైనా 60.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఏడాది సగటు 10 చాలన్నది. 2021 సెప్టెంబరులో, ఆ పదహారేళ్ళలో పోగుపడిన పరిశోధనంతా చూసి, 10 కూడా ఎక్కువే, 5 అన్నది. రోజుకైతే 15. మనది 40 దగ్గరే ఆగిపోయింది. పేద దేశాలు ఒక్క ఉదుటున 5కి దిగలేవని ఆ సంస్థకూ తెలుసు. అందుకే మధ్యలో మెట్లు కట్టింది: 35, 25, 15, 10. ఆ మెట్లలో మొదటిది, అన్నిటికంటే ఎత్తైనది, 35. మనం ఇంకా ఆ మెట్టు మీద కూడా కాలు పెట్టలేదు. మెట్ల దారి మొదలవకముందే గుమ్మం బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాం.

రైతుబజారులో వంకాయలమ్మే మనిషి కాటా రాళ్ళకు గడువు ప్రకారం తూనికలు కొలతల శాఖవాళ్ళ చేత ముద్ర వేయించుకోవాలి. రాయి అరిగితే జరిమానా. ముద్ర పాతదైనా జరిమానా. 2009లో ముద్ర వేసిన రాయితో పదహారేళ్ళుగా మన ఊపిరి తూస్తున్న ప్రభుత్వాన్ని ఏ ఇన్‌స్పెక్టరు పట్టుకుంటాడు?

"అంకెదేముందండీ, కాగితం మీది గీతే కదా, గాలి మారాలి గానీ" అంటాడు నా మిత్రుడొకడు. చదువుకున్నవాడే. ఈ అమాయకత్వం మీదే నా కోపమంతా. ఆ గీత గాలిని మార్చకపోవచ్చు. చచ్చినవాళ్ళ లెక్కను మాత్రం మార్చేస్తుంది. 2024 డిసెంబరులో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. దేశంలోని 655 జిల్లాల మరణాలనూ పీఎం 2.5నూ పక్కపక్కన పెట్టి చూశారు. 2009 నుంచి 2019 దాకా మన ప్రమాణమైన 40 దాటిన గాలి వల్ల పోయినవాళ్ళు 38 లక్షలని తేలింది. అదే గాలి, అదే జనం, అవే ఏళ్ళు; గీతను 40 నుంచి 5కి జరిపి లెక్కిస్తే 1 కోటీ 66 లక్షలు.

తేడా 1 కోటీ 28 లక్షలు. ఆ మనుషులను చంపిన నుసి మన చట్టం దృష్టిలో మంచి గాలే. వాళ్ళ చావుకు గాలి కారణం కాదు, ఆయుష్షు తీరింది అంతే. ఢిల్లీలో ఒక అధికారి సంతకం ఇంతమందిని కాలుష్య మృతుల జాబితాలోంచి తుడిచేసింది. ఇంకే శాఖలో ఏ గుమాస్తా అయినా ఒక్క అంకె రాసి కోటి మందిని మాయం చేయగలడా?

పైగా పార్లమెంటులో ఈ సంగతి అడిగిన ప్రతిసారీ మంత్రులు ఒకటే పాట పాడతారు. మరణాలు కేవలం గాలి కాలుష్యం వల్లే సంభవించాయని నేరుగా తేల్చిచెప్పే సమాచారం లేదట. మంత్రి మారినా, సమావేశం మారినా జవాబు మారదు. ఇక ప్రపంచ ఆరోగ్య సంస్థ అంకెల మాటెత్తితే, అవి మార్గదర్శకాలే, మనమేం కట్టుబడనక్కర్లేదు, మన వాతావరణం వేరు, మన పరిస్థితులు వేరు అంటారు. వాతావరణం వేరే, ఒప్పుకుంటా. ఊపిరితిత్తులు కూడా వేరా? హైదరాబాదుతో సహా పది నగరాల్లో చేసిన మరో అధ్యయనం 2024 జూలైలో అదే పత్రికలో వచ్చింది. మన 60 గీతకు లోపల ఉన్న రోజుల్లో కూడా నుసి పెరిగినకొద్దీ మరణాలు పెరిగాయని తేలింది. ఆ పది నగరాల్లో నుసి వల్ల ఏటా సుమారు 33 వేల మరణాలు. చదివినవాళ్ళెవరో నాకు తెలియదు. ప్రమాణాన్ని తిరిగి చూడాల్సినవాళ్ళు మాత్రం చదివిన జాడ లేదు.

పొద్దున్నే నడకకు వెళ్ళే ముందు ఫోనులో గాలి సూచీ చూసుకునే అలవాటు మా కాలనీలో చాలామందికి పట్టింది. 2015 ఏప్రిల్‌లో మొదలైన సూచీ అది. పీఎం 2.5 రోజు సగటు 30 దాకా ఉంటే 'బాగుంది'. 31 నుంచి 60 దాకా 'సంతృప్తికరం', లేత పచ్చ రంగు. అదే గాలిని అమెరికా వాళ్ళ సూచీలో పెట్టి చూడండి: 60 అంటే ఎర్ర రంగు, అందరికీ హానికరం. మా పక్కింటి పెద్దాయన ఉబ్బసం మనిషి. పచ్చ రంగు చూసి పార్కుకు బయల్దేరతాడు. "ఇవాళ సంతృప్తికరమట బాబూ" అంటాడు, మెట్ల మీద ఆగి ఆయాసం తీర్చుకుంటూ. ఎవరికి సంతృప్తి? ఆయన ఊపిరితిత్తులనైతే ఎవరూ అడగలేదు.

సూచీకి ఇంకో వేషముంది. అది 500 దగ్గర ఆగిపోతుంది. ఢిల్లీలో దీపావళి మర్నాడు గాలి ఎంత పాడైనా సరే, అంకె 500 దాటదు. జ్వరం 104 దాటితే చూపించని థర్మామీటరు కొంటారా ఎవరైనా?

ఇక చట్టం. 1981లో వచ్చిన వాయు కాలుష్య నివారణ చట్టం 16వ సెక్షనులో, కేంద్ర మండలి చేయాల్సిన పనుల చిట్టాలో, గాలి నాణ్యతకు ప్రమాణాలు నిర్దేశించాలని ఒక ముక్క ఉంది. అంతే. దేన్ని బట్టి నిర్దేశించాలి? ఆరోగ్యాన్ని బట్టా, బొగ్గు ధరను బట్టా, మంత్రిత్వశాఖకు ఆ వారం ఎవరు ఫోను చేశారన్నదాన్ని బట్టా? చట్టం పెదవి విప్పదు. ఎన్నేళ్ళకోసారి తిరిగి చూడాలి? అదీ చెప్పదు. ఆ గీత ఒక ఊళ్ళో దాటితే ఎవరు జవాబుదారీ? కలెక్టరా, మేయరా, మండలి ఛైర్మనా, ముఖ్యమంత్రా? ఎవరూ కాదు. ఒక నగరం వరసగా అయిదేళ్ళు ఈ ప్రమాణాలు దాటి ఉంటే దానికి అధికారిక భాషలో ఒక పేరు పెడతారు, ప్రమాణాలు అందుకోని నగరమని. పేరు పెట్టాక ఏమవుతుంది? నిధులు వస్తాయి.

ఒక్కో పొగగొట్టానికి విడిగా నియమాలున్నాయి, నిజమే. వాటిని ఉల్లంఘించినవాడికి పాత చట్టంలో ఏడాదిన్నర నుంచి ఆరేళ్ళ దాకా జైలు ఉండేది. ఎంతమంది వెళ్ళారని అడక్కండి. 2023లో జన విశ్వాస్ చట్టం తెచ్చి ఆ జైలునూ ఎత్తేశారు. ఇప్పుడు పదివేల నుంచి పదిహేను లక్షల దాకా జరిమానా, అది కట్టకపోతేనే జైలు. వేల కోట్ల టర్నోవరున్న కంపెనీకి పదిహేను లక్షలంటే వార్షికోత్సవానికి షామియానా ఖర్చు. ఆ చట్టం పేరులోని విశ్వాసం ఎవరి మీదో చెప్పనక్కర్లేదనుకుంటా.

ఇక్కడ కాసేపు అమెరికా వెళ్ళి రావాలి. పొరుగింటి పుల్లకూర రుచి అని కాదు. వాళ్ళ చట్టంలో ఒక వాక్యం మన చట్టంలో లేదు, అందుకు. గాలి ప్రమాణం తగినంత భద్రతను కూడా కలుపుకుని ప్రజారోగ్యాన్ని కాపాడే స్థాయిలో ఉండాలని 1970 నాటి వాళ్ళ చట్టం చెబుతుంది. అయిదేళ్ళకోసారి తిరిగి చూడాలని 1977లో దానికి చేర్చారు. లారీల యజమానుల సంఘం కోర్టుకెక్కింది: ప్రమాణం పెట్టేముందు మాకయ్యే ఖర్చు కూడా చూడాలి కదా అని. 2001 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాసినవాడు జస్టిస్ స్కాలియా, సంప్రదాయవాదుల్లోకెల్లా సంప్రదాయవాది, పర్యావరణవాదుల చుట్టమేమీ కాదు. ప్రమాణం ఎంత ఉండాలో తేల్చేటప్పుడు ఖర్చు చూడడానికి వీల్లేదు, చట్టం ఆ అధికారం ఇవ్వలేదు అన్నాడు. బెంచీ మీదున్న తొమ్మిదిమందిలో ఆ ముగింపును కాదన్నవాడు లేడు.

ఈ ఒక్క ముక్క మనకు ఒంటబడితే చాలు. ఎంత గాలి మంచిదన్నది వైద్యుడు చెప్పాలి. అక్కడికి ఎన్నాళ్ళకు చేరతామన్నది ఆర్థికశాఖ చెప్పాలి. రెండూ వేర్వేరు ప్రశ్నలు. నాకు షుగరు 280 ఉంటే డాక్టరు ఆ అంకెనే చీటీ మీద రాయాలి. మందులు కొనే స్తోమత నాకు లేదని జాలిపడి, ఈ మనిషికి 280 మామూలే అని రాస్తే అతణ్ణి డాక్టరంటారా?

మనవాళ్ళు సరిగ్గా అదే రాశారు.

అలాగని అమెరికాలో అంతా సవ్యంగా ఉందనుకోకండి. 2024 ఫిబ్రవరిలో వాళ్ళు ఏడాది ప్రమాణాన్ని 12 నుంచి 9కి తగ్గించారు. తర్వాత వచ్చిన ప్రభుత్వం, ఆ 9 మాకొద్దు కొట్టెయ్యండి అని తానే కోర్టును అడిగింది. అక్కడా ఒట్టు తీసి గట్టున పెట్టేవాళ్ళున్నారు. అయితే పెట్టాలంటే కోర్టు గడప తొక్కాలి, కారణం చెప్పాలి, పదిమందీ చూస్తుండగా పెట్టాలి. మనకు ఆ శ్రమ లేదు. గెజిట్‌లో ఒక పేరా చాలు.

గెజిట్ మాట వచ్చింది కాబట్టి అసలు కథ చెబుతాను. బొగ్గు కరెంటు కేంద్రాల పొగలో సల్ఫర్ డయాక్సైడ్ ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే పరికరం ఎఫ్‌జీడీ. సున్నపురాయి కలిపిన నీటితో పొగను కడుగుతుంది. 2015 డిసెంబరు 7న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది: రెండేళ్ళలో, అంటే 2017 ఆఖరుకు, పాత కేంద్రాలన్నీ కొత్త పరిమితులు అందుకోవాలి. బ్రహ్మాండమైన ఒట్టు. 2017 వచ్చింది. ఒట్టు గట్టెక్కింది, గడువు 2022కి పోయింది. 2021 ఏప్రిల్‌లో కేంద్రాలను ఎ, బి, సి అని మూడు జాతులుగా విడగొట్టి ఒక్కో జాతికి ఒక్కో గడువు పెట్టారు. 2022 సెప్టెంబరులో ఆ గడువులూ జరిగాయి. 2024 డిసెంబరు 30న, అందరూ కొత్త సంవత్సరం కేకుల హడావుడిలో ఉండగా, మళ్ళీ జరిగాయి. చివరికి 2025 జూలై 11న అసలు సంగతి బయటపెట్టారు. సి జాతి కేంద్రాలకు, అంటే నూటికి దాదాపు 78 వాటికి, ఎఫ్‌జీడీ అక్కర్లేదు. బి జాతివి ఒక్కొక్కటే చూసి చెబుతారట. ఎ జాతికి 2027 ఆఖరు.

పదేళ్ళు ఒట్టు మోసి, మోసి, చివరికి బావిలో పడేశారు. ఈలోగా చెప్పిన మాట విని కోట్లు పోసి ఎఫ్‌జీడీ పెట్టుకున్న కేంద్రాలూ కొన్ని ఉన్నాయి. మాట నిలబెట్టుకున్నవాడే పిచ్చివాడయ్యాడు. పరిశ్రమలకు ఇంతకంటే స్పష్టంగా నేర్పే పాఠం ఇంకేం కావాలి?

ఎవరు ఎ, ఎవరు సి? ఢిల్లీ రాజధాని ప్రాంతానికో, పది లక్షల జనాభా దాటిన నగరానికో పది కిలోమీటర్ల లోపలుంటే ఎ. తీవ్ర కాలుష్య ప్రాంతానికో, ప్రమాణాలు అందుకోని నగరానికో పది కిలోమీటర్ల లోపలైతే బి. మిగిలినవన్నీ సి. అంటే పొగగొట్టం నీడలో ఉన్నది పల్లె అయితే సి. పల్లెలో గాలి చెడిందని నిరూపించాలంటే మీటరు ఉండాలి. మన మీటర్లు దాదాపు అన్నీ నగరాల్లోనే. మీటరు లేదు కాబట్టి కాలుష్యం లేదు, కాలుష్యం లేదు కాబట్టి పరికరం అక్కర్లేదు. ఎంత ముచ్చటైన తర్కం! రెండు వందల మీటర్ల పైచిలుకు ఎత్తున్న పొగగొట్టాలు కట్టేదే పొగ దూరం పోవాలని. ఆ పొగ పదో కిలోమీటరు రాయి దగ్గర ఆగి వెనక్కి తిరుగుతుందని ఎవరు చెప్పారు?

గాలికి జాతులు కట్టడం మనకు కొత్త కాదులెండి. 1994 నాటి ప్రమాణాలు తిరగేసి చూడండి. గాలిలో తేలే మొత్తం ధూళికి ఏడాది పరిమితి సున్నిత ప్రాంతాల్లో 70, నివాస ప్రాంతాల్లో 140, పారిశ్రామిక ప్రాంతాల్లో 360. అంటే బొల్లారంలో ఫ్యాక్టరీ గోడ పక్కన కాపురముండే కార్మికుడి ఊపిరితిత్తి, ఊరికి అవతల కాలనీలో ఉండే మేనేజరు ఊపిరితిత్తి కంటే రెండున్నర రెట్లు గట్టిదని సర్కారు నమ్మిక. 2009లో ఆ తేడా తీసేసి పరిశ్రమకూ ఇంటికీ పల్లెకూ ఒకటే గీత గీశారు. ఆ నోటిఫికేషన్‌లో నేను మెచ్చుకునే సంగతి ఇదొక్కటే. పన్నెండేళ్ళు తిరక్కముందే ఎ, బి, సి అంటూ అదే కులవ్యవస్థను వెనక వాకిలి గుండా తీసుకొచ్చారు.

న్యాయంగా అవతలి వాదన కూడా చెప్పాలి. ప్రభుత్వం ఊరికే ఈ పని చేయలేదు, అధ్యయనాలు చూపించింది. మన బొగ్గులో గంధకం తక్కువట. నిజమే. దేశంలో చాలాచోట్ల గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ ప్రమాణం కంటే బాగా తక్కువుందట. అదీ నిజమే. చాలా నగరాల్లో ఆ వాయువు ప్రపంచ ఆరోగ్య సంస్థ గీతకు కూడా లోపలే ఉంటుంది, దాచడమెందుకు. ఎఫ్‌జీడీలకు రెండున్నర లక్షల కోట్లవుతుంది, యూనిట్‌కు పావలా నుంచి ముప్ఫై పైసల దాకా పెరుగుతుంది, పేదవాడి మీద పడుతుంది అన్నారు. సున్నపురాయి తవ్వాలి, మోయాలి, దానికీ కాలుష్యం ఉంది అన్నారు. వినదగ్గ మాటలే.

అయితే చూపుడువేలు ఎటు చూపిస్తున్నారో గమనించండి. వాయువును చూపిస్తున్నారు. సల్ఫర్ డయాక్సైడ్ పొగగొట్టంలోంచి వచ్చాక వాయువుగా ఉండిపోదు. దార్లో అమ్మోనియాతో, తేమతో కలిసి సల్ఫేటు రేణువవుతుంది. అదే పీఎం 2.5. పాలు ఎక్కడికి పోయాయిరా అంటే, గిన్నెలో లేవు చూడండి అన్నట్టుంది వీళ్ళ జవాబు. లేవు నాయనా, పెరుగయ్యాయి. ఆ సల్ఫేటు వాటా కూడా కొద్ది మైక్రోగ్రాములే కదా అంటారు. కొద్దే. 40తో పోలిస్తే కొద్ది. 5తో పోలిస్తే? ఆ కొద్దే మనిషి ఏడాదంతా పీల్చదగ్గ మొత్తానికి సరిపోవచ్చు. వదులు గీత గీసి పెట్టుకుంటే ఏ విషమైనా చిటికెడే అనిపిస్తుంది. గీత ఉపయోగం అదే. సిమెంటు ఫ్యాక్టరీ కన్సల్టెంటుకూ అదే, కేంద్ర మంత్రిత్వశాఖకూ అదే. ప్రమాణానికీ ఇప్పుడున్న గాలికీ మధ్య ఎంత ఖాళీ ఉంటే అంత ఖాళీ స్థలం కింద లెక్క, పొగ పోసుకోవడానికి.

ఇంకో వాదన, దీన్ని నేను ఎక్కువ గౌరవిస్తాను: అందుకోలేని ప్రమాణం పెడితే ఎవరూ లెక్కచేయరు, చట్టం నవ్వులపాలవుతుంది. రాజస్థాన్ ఎడారి ధూళిని ఏ కలెక్టరు ఆపగలడు? ఆపలేడు. మరి 40ని లెక్కచేస్తున్నారా? పైన చెప్పిన 655 జిల్లాల అధ్యయనం ప్రకారమే దేశంలో నూటికి దాదాపు 82 మంది, 110 కోట్ల జనం, ఆ 40 కూడా దాటిన చోట్ల బతుకుతున్నారు. వదులు చేస్తే పాటిస్తారన్న సిద్ధాంతాన్ని పదహారేళ్ళు పరీక్షించి చూశాం. ఇక చాలు. 2010 నుంచి ఏటేటా ఎంత దిగాలో మెట్లు కట్టుకుని ఉంటే ఈపాటికి ఎక్కడుండేవాళ్ళమో! యూరోపు సమాఖ్య ఇప్పటిదాకా 25 పెట్టుకుంది. 2024లో కొత్త ఆదేశం తెచ్చి 2030కల్లా 10కి దిగాలన్నది. అందులోనే ఇంకో నిబంధన పెట్టింది: ప్రమాణాలు ఉల్లంఘించి జబ్బు తెప్పిస్తే పౌరుడు నష్టపరిహారం అడగొచ్చు. అదీ ఒట్టంటే. తప్పితే తగలాలి.

తప్పితే తగిలే ఒట్టు మన దగ్గర లేకపోలేదు, కాగితం మీద. స్వచ్ఛమైన గాలి 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే, బీహారు నుంచి వచ్చిన సుభాష్ కుమార్ కేసులో, చెప్పింది. ముప్పు ఉందేమోనన్న అనుమానం ఉన్నప్పుడు, ముప్పు లేదని నిరూపించే బరువు పరిశ్రమదేనని 1999లో చెప్పింది. హైదరాబాదు జంట జలాశయాల పక్కన ఫ్యాక్టరీ పెట్టబోతే వచ్చిన కేసది, మన ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలే కక్షిదారు. ఇంత మంచి మాటలున్న దేశంలో, జీవించే హక్కు ఎన్ని మైక్రోగ్రాముల దగ్గర మొదలవుతుందో మాత్రం ఏ కోర్టూ ఖరాఖండిగా తేల్చలేదు. ఆ అంకెను నోటిఫికేషన్లకు వదిలేశారు.

మన రెండు రాష్ట్రాల సంగతికొస్తాను. ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో ఆంధ్రప్రదేశ్‌వి పదమూడు: విశాఖ, విజయవాడ, గుంటూరు మొదలుకొని శ్రీకాకుళం, అనంతపురం దాకా. తెలంగాణవి నాలుగు: హైదరాబాదు, నల్లగొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి. 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం వీటికి డబ్బిస్తుంది. ఆ కార్యక్రమం వెనక చట్టం లేదు. లక్ష్యం చేరకపోతే అడిగే నాథుడూ లేడు. దాని పనితీరు కొలిచేది పీఎం 10తో, అంటే లావు ధూళితో. లావు ధూళి తగ్గించాలంటే ఏం చేయాలి? రోడ్లు ఊడవాలి, నీళ్ళు చల్లాలి. ఖర్చయిన నిధుల్లో నూటికి 64 రోడ్ల ధూళికే పోయాయని, పరిశ్రమల పొగ మీద నూటికి ఒకటి కూడా పెట్టలేదని ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో లెక్కతీసింది. మా ఊళ్ళో ఊడ్చే యంత్రం రాత్రి పదింటికి వస్తుంది. ముందు బ్రష్షు తిరుగుతుంది, వెనక దుమ్ము మేఘంలా లేస్తుంది, దాని వెనక స్కూటరు మీద పోయేవాడు దగ్గుతాడు. ఎక్కువగా చంపే నుసితో లెక్క చూడరు, లావు ధూళితో చూస్తారు, దానికే డబ్బు.

ప్రమాణాల జాబితాలో ఉన్నవి పన్నెండే అన్నాను కదా. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ లీకై జనం రోడ్ల మీద ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు. పన్నెండు మంది పోయారు. ఆ పన్నెండు కారకాల్లో స్టైరీన్ లేదు. అంటే ఆ తెల్లవారుజామున వెంకటాపురం గాలిని మన జాతీయ ప్రమాణాలతో కొలిచి ఉంటే స్టైరీన్ గురించి ఒక్క ముక్క తేలేది కాదు. అది ప్రమాదం, ప్రమాణాలకు సంబంధించిన విషయం కాదంటారని నాకు తెలుసు. పటాన్‌చెరు, పరవాడ జనం రాత్రిళ్ళు ముక్కు మూసుకుని పీల్చే మందుల ఫ్యాక్టరీల కంపులోని ద్రావకాలు కూడా చాలావరకు ఆ జాబితాలో లేవు. అది ప్రమాదమూ కాదు, రోజువారీ బతుకు.

నేను అడిగేది పెద్ద చిట్టా కాదు. 1981 చట్టంలో ఒక్క వాక్యం చేర్చండి: గాలి ప్రమాణం ప్రజారోగ్యాన్ని బట్టి మాత్రమే ఉండాలి, అయిదేళ్ళకోసారి తిరిగి చూడాలి. డబ్బు లెక్క, బొగ్గు లెక్క, గడువు లెక్క పార్లమెంటులో, అందరి ముందూ, వేరే కాగితం మీద వేసుకోండి. "మనం పీల్చదగ్గది 5, మన చేతకానితనం వల్ల ఈ ఏడాదికి 38 ఇవ్వగలుగుతున్నాం, దీనివల్ల ఇంతమంది పోతారు" అని రాయండి. అలా రాసి సంతకం పెట్టే మంత్రిని నేను గౌరవిస్తాను. 40 రాసి అది ఆరోగ్యమని చెప్పేవాణ్ణి మాత్రం గౌరవించలేను.

ఆ ప్రజాభిప్రాయ సేకరణ మినిట్స్ తర్వాత తెప్పించుకుని చదివాను. నిబంధన ప్రకారం సభలో మాట్లాడిన ప్రతిదీ నమోదు కావాలి. ముసలామె వంతు తొమ్మిదో పేజీలో ఉంది. ఎడమ గడిలో: "స్థానిక మహిళ ఒకరు ధూళి గురించి ప్రస్తావించారు." కుడి గడిలో యాజమాన్యం జవాబు: "గాలి నాణ్యత జాతీయ ప్రమాణాల పరిధిలోనే ఉంటుందని వివరించడమైనది."

ఆకు ప్రస్తావన లేదు. ఒట్టు ప్రస్తావనా లేదు. అనుమతి వచ్చింది.